ఏ ఊరు వెళ్ళొచ్చావ్?

దసరా సెలవులు అయిపోయి కాలేజీ తెరిచిన వారానికే మిడ్స్ వచ్చాయి. రెండో పేపర్‌కి ముందు రోజు మధ్యాహ్నం మారేడుపల్లిలో మా ఇంట్లో ఉన్న రగ్గులన్నీ నా మీదే ఉన్నాయి. బయట ఎండ మామూలుగానే కాస్తోంది. ఫ్యాన్ కట్టేశారు, కిటికీ మూశారు. అయినా నా పళ్ళు టకటకా కొట్టుకుంటూనే ఉన్నాయి, మంచం కూడా నాతో పాటు ఊగుతోంది. ముప్పావుగంట తర్వాత చలి ఆగింది కానీ ఒళ్ళు పెనంలా కాలడం మొదలైంది. థర్మామీటర్‌లో 104. తల పగిలిపోతోంది, రెండుసార్లు వాంతి. అమ్మ డోలో వేసింది. సాయంత్రం ఏడింటికి చెమటలు పట్టి బనియన్ పిండితే నీళ్ళు కారేలా తడిసింది. ఆ తర్వాత హాయిగా నిద్రపోయాను.

మర్నాడు పొద్దున లేచేసరికి ఏమీ జరగనట్టే ఉంది. ఆకలేసి నాలుగు ఇడ్లీలు తిని వెళ్ళి సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ పేపర్ రాశాను. "డోలో పనిచేసింది" అని అందరికీ చెప్పాను కూడా.

నేను చేసిన మొదటి తప్పు అదే. ఆ జ్వరం టాబ్లెట్‌తో తగ్గలేదు, దాని టైమ్ అయిపోయి అదే తగ్గింది. పేరు మాత్రం టాబ్లెట్‌కి వచ్చింది.

మన క్లబ్ పత్రికకి కథో కవితో ఇవ్వమని ఎడిటర్ అడుగుతూనే ఉన్నాడు. కథ రాయడం నాకు రాదు కాబట్టి నాకు జరిగిన పాఠమే రాస్తున్నా. మనలో చాలామందికి టూర్లంటే అరకు, లంబసింగి, భద్రాచలం, మేడారం. ఆఫ్రికాలో ప్రాజెక్టులకి వెళ్ళే సీనియర్లు కూడా ఉన్నారు. ఇది వాళ్ళందరి కోసం.

దసరాకి మేం ఐదుగురం మా సివిల్ బ్రాంచ్ ఫ్రెండ్ వాళ్ళ ఊరికి వెళ్ళాం. పాడేరు దాటి కొండల్లో లోపలికి వెళ్ళాలి. సికింద్రాబాద్‌లో రైలెక్కి వైజాగ్, అక్కణ్ణించి బస్సు, ఆ తర్వాత ఆటో, చివర్లో నడక. నాలుగు రాత్రులున్నాం. ఊరి పక్కనే గెడ్డ, అద్దంలాంటి నీళ్ళు. వాళ్ళ ఇంట్లో మందు పట్టించిన దోమతెరలు ఉన్నాయి, ఏజెన్సీ గ్రామాల్లో ప్రభుత్వం పంచేవి. వాళ్ళమ్మగారు మా ఐదుగురికీ తెరలు తీసి పెట్టి "బాబూ, కట్టుకుని లోపల పడుకోండి" అని మూడుసార్లు చెప్పారు. మేమేం చేశాం? అరుగు మీద చలిమంట వేసుకుని రెండింటిదాకా పాటలు పాడి అక్కడే పడి నిద్రపోయాం. ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళు తెరలో పడుకుంటే సిటీ నుంచి వెళ్ళిన మేం బయట పడుకున్నాం. పైగా తరతరాలుగా మలేరియాతో బతికిన ఊళ్ళవాళ్ళ ఒంట్లో కాస్తో కూస్తో తట్టుకునే శక్తి ఉంటుంది. మాకు అదీ లేదు.

దోమల గురించి ఒక మాట. మలేరియా అంటే డ్రైనేజీ, మురుగు, కంపు అనుకుంటాం. మురుగులో పెరిగేది ఎక్కువగా క్యూలెక్స్ అనే రకం, అది మలేరియాని మోయదు. మలేరియాని మోసే అనాఫిలిస్‌కి మంచి నీళ్ళే ఇష్టం. కొండవాగుల్లో ఒక రకం, పల్లెల్లో చెరువులు, కాలువలు, పొలాల నీళ్ళలో ఇంకో రకం, సిటీల్లో మూతలేని ఓవర్‌హెడ్ ట్యాంకుల్లో, బావుల్లో మరో రకం. అంటే మా ఫోటోల్లో బ్యాక్‌గ్రౌండ్‌గా పడిన ఆ అందమైన గెడ్డే వాటికి ఇల్లు. డెంగ్యూ దోమ పగలు కుడుతుంది, ఇది పొద్దుగూకాక మొదలుపెట్టి తెల్లారేదాకా కుడుతుంది. గోడ మీద వాలితే తోక పైకెత్తి ఏటవాలుగా కూర్చుంటుంది. దాన్ని గుర్తుపట్టడానికి అదొక్కటి చాలు.

ఇప్పుడు లెక్క చూడండి. ఊళ్ళో మొదటి రాత్రి పడుకున్న పన్నెండో రోజు, ఆదివారం, నాకు కొద్దిగా ఒళ్ళు నొప్పులు, నోరు చేదు. సోమవారం మధ్యాహ్నం పైన చెప్పిన వణుకు. మంగళవారం మామూలు. బుధవారం మధ్యాహ్నం మళ్ళీ అదే సీన్, దాదాపు అదే టైమ్‌కి. గురువారం మామూలు. డాక్టర్ దగ్గరికి వెళ్ళింది ఆ గురువారమే, ఎందుకంటే వెళ్ళే ఓపిక ఉన్నది ఆ రోజే. వెళ్ళేసరికి 98.6. ఆయన చూసింది కులాసాగా కూర్చున్న కుర్రాణ్ణి. ఏం తిన్నావు అని అడిగారు, బయట తిండి అన్నాను. ఎక్కడికైనా వెళ్ళావా అని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. ఊరెళ్ళొచ్చి రెండు వారాలు కావస్తోంది కదా, దానికీ దీనికీ ఏం సంబంధం అనుకున్నా. సీజన్ కాబట్టి డెంగ్యూ పరీక్ష రాశారు. నెగటివ్. ప్లేట్‌లెట్లు మాత్రం 90 వేలు. ఇంకేముంది, మా వాట్సాప్ గ్రూపులో అందరూ డాక్టర్లైపోయారు. ఇది డెంగ్యూనే మామా అని ఒకడు, బొప్పాయి ఆకు రసం తాగు అని ఇంకొకడు. తాగాను. అంత చేదు నా జన్మలో చూళ్ళేదు. మలేరియాలో కూడా ప్లేట్‌లెట్లు పడిపోతాయని అప్పుడు మాలో ఒక్కడికీ తెలీదు.

శుక్రవారం మా అమ్మమ్మ ఏటూరునాగారం నుంచి వచ్చింది, కంటి ఆపరేషన్ అయ్యాక చూపించుకోడానికి. నా అదృష్టం ఏంటంటే ఆమె వచ్చిన గంటకే నాకు వణుకు మొదలైంది. చదువుకోలేదు గానీ ఏజెన్సీ అంచున అరవై ఏళ్ళు బతికిన మనిషి. తలుపు దగ్గర నిలబడి ఒక్క నిమిషం చూసి, "ఏ ఊరు పోయొచ్చినవ్ బిడ్డా?" అంది. పాడేరు అన్నాను. "ఇది సలిజరం. దినం ఇడిసి దినమొస్తుందా?" అంది. అవును, సోమ, బుధ, శుక్ర. ఇంట్లో ఎవరూ ఆ మూడు వారాల్ని పక్కపక్కన పెట్టి చూడలేదు. సిగ్నల్స్ పేపర్‌లో పీరియాడిక్ సిగ్నల్ అంటే ఏంటో రెండు మార్కుల ప్రశ్నకి నేనే జవాబు రాసొచ్చాను!

ఆ సాయంత్రమే గవర్నమెంట్ ఆస్పత్రికి వెళ్ళాం. ఈసారి కుర్చీలో కూర్చోకముందే పాడేరు, నాలుగు రాత్రులు, తేదీలు అన్నీ చెప్పేశా. డాక్టరమ్మ ఇంకేం అడక్కుండా రక్తపరీక్షకి పంపారు. వేలు మీద గుచ్చి ఒక బొట్టు ప్రెగ్నెన్సీ కిట్‌లాంటి ప్లాస్టిక్ ముక్క మీద వేశారు, ఇంకో బొట్టు గాజు స్లైడ్ మీద పూశారు. పావుగంటలో కిట్ మీద గీత వచ్చింది. స్లైడ్‌కి రంగు పట్టించాక ల్యాబ్ అన్న నన్ను పిలిచి మైక్రోస్కోప్‌లో చూపించాడు. గుండ్రటి ఎర్రకణం లోపల సన్నటి నీలం ఉంగరం, దానికి ఎర్రటి చుక్క. నా రక్తమే. ప్లాస్మోడియం వైవాక్స్.

ఆ చలికీ ఆ టైమింగ్‌కీ కారణం తెలిస్తే భలే ఉంటుంది. దోమ వదిలిన పరాన్నజీవులు ముందు లివర్‌లోకి పోతాయి. అక్కడ రోజుల తరబడి చప్పుడు చెయ్యకుండా పెరుగుతాయి, మనకి ఏమీ తెలీదు. అందుకే కుట్టిన మర్నాడో మూడోనాడో జ్వరం రాదు. వైవాక్స్‌కి మామూలుగా 12 నుంచి 18 రోజులు, ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. లివర్ నుంచి రక్తంలోకి వచ్చాక ఎర్రకణాల్లో దూరి, అక్కడ పెరిగి, వైవాక్స్ అయితే 48 గంటలకోసారి అన్నీ ఒకేసారి కణాల్ని పగలగొట్టుకుని బయటికొస్తాయి. ఆ పగిలే ఘడియే మన వణుకు. చలి, సెగ, చెమట, ఒక రోజు విరామం, మళ్ళీ చలి.

కానీ ఈ లెక్క చదివి "రోజు విడిచి రోజు వస్తేనే మలేరియా" అని మాత్రం అనుకోకండి. అది పుస్తకాల్లో కనిపించే బొమ్మ. మొదటి కొన్ని రోజులు వైవాక్స్ కూడా రోజూ జ్వరం తెప్పించొచ్చు. ఫాల్సిపారం అయితే చాలాసార్లు ఏ తాళమూ పాటించదు. ఎప్పుడూ జ్వరం ఉన్నట్టే ఉంటుంది, వణుకు లేకపోవచ్చు, ఒళ్ళునొప్పులు, తలనొప్పి, వాంతులు, ఒక్కోసారి విరేచనాలు, చూస్తే ఫ్లూ అనో ఫుడ్ పాయిజన్ అనో అనిపిస్తుంది. ఇది పైకి చెబుతున్న మాట కాదు, మాలో ఒకడికి అలాగే జరిగింది.

నాకు పాజిటివ్ అని తెలియగానే డాక్టరమ్మ అడిగింది, "మీతో ఎంతమంది వెళ్ళారు?" అని. అక్కడే కూర్చుని మిగతా ముగ్గురికీ ఫోన్లు చేశా, పాడేరు వాడు ఎలాగూ తన ఊళ్ళో చూపించుకుంటాడు కాబట్టి వాడికి మెసేజ్ పెట్టా. ఇద్దరు బానే ఉన్నారు. మూడోవాడు మిడ్స్ మొదటి పేపర్ రాసి కరీంనగర్ వైపు వాళ్ళ ఊరెళ్ళిపోయాడు, ఫోన్ వాళ్ళ నాన్న ఎత్తారు. మంగళవారం నుంచి జ్వరమట, తిన్నది నిలవట్లేదట. కళ్ళు పచ్చబడ్డాయి కాబట్టి కామెర్లు అని పొద్దున్నే పసరు పోయించారట. "పొద్దటి నుంచి మత్తుగా పడుకున్నడు, పిలిస్తే పలుకుతలేడు" అన్నారు. నేను ఫోన్ డాక్టరమ్మకి ఇచ్చేశా. ఆమె గట్టిగా, దాదాపు అరుస్తూ, ఇప్పుడే పెద్దాస్పత్రికి తీసుకెళ్ళండి, మలేరియా ఊరికి వెళ్ళొచ్చాడని గేటు దగ్గరే చెప్పండి అన్నారు. వాళ్ళు ఆటో కట్టించుకుని వెళ్ళారు. ఫాల్సిపారం. ఆరు రోజులు ఐసీయూలో ఉన్నాడు, నరానికి ఆర్టిసునేట్ ఇంజెక్షన్లు ఇచ్చారు. ఇప్పుడు బానే ఉన్నాడు, ఈ వ్యాసం చదివి ఓకే అన్నాకే పంపుతున్నా. కానీ ఆ రాత్రి ఇంకో గదిలో అమ్మమ్మ మేలుకుని దండం పెట్టుకుంటూ కూర్చోవడం నాకు ఇంకా కనిపిస్తుంది.

వాడి విషయంలో వాళ్ళ నాన్న చూసినవే ప్రమాద గుర్తులు. మత్తు, అయోమయంగా మాట్లాడటం, ఫిట్స్, కళ్ళు పచ్చబడటం, ఆగని వాంతులు, ఆయాసం, మూత్రం నల్లగా రావడం లేదా బాగా తగ్గిపోవడం, లేచి కూర్చోలేనంత నీరసం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారనిద్దాం అనుకోకూడదు. ఫాల్సిపారం వైద్యం అందకపోతే 24 గంటల్లోనే ప్రాణం మీదికి తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక. అంత దాకా రానివ్వకుండా ఉండే దారి ఒక్కటే, జ్వరం మొదలైన రోజో మర్నాడో రక్తపరీక్ష. మొదటిది నెగటివ్ వచ్చినా జ్వరం ఆగకపోతే 12 నుంచి 24 గంటల తర్వాత మళ్ళీ చేయించుకోవాలి, పురుగులు తక్కువున్నప్పుడు మొదటి స్లైడ్‌కి దొరక్కపోవచ్చు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో, పీహెచ్‌సీల్లో పరీక్షా మందూ రెండూ ఉచితం. ఏజెన్సీలో అయితే ఆశా కార్యకర్త దగ్గరే కిట్ ఉంటుంది.

ఈ గొడవంతా అయ్యాక బేగంపేట వెళ్ళాను. ఆ రూట్లో ఎన్నిసార్లు బస్సులో పోయానో లెక్కలేదు, పాత ఎయిర్‌పోర్టు దగ్గర ఆ పాత బిల్డింగ్‌ని ఒక్కసారీ పట్టించుకోలేదు. మలేరియాని దోమ మోస్తుందనడానికి అసలైన ఆనవాలు ప్రపంచంలో మొదటిసారి దొరికింది అక్కడే. రొనాల్డ్ రాస్ అని, అల్మోరాలో పుట్టిన ఆర్మీ డాక్టరు. రక్తంలో పరాన్నజీవి ఉంటుందని 1880లోనే అల్జీరియాలో లావెరాన్ కనిపెట్టాడు. అది ఒకరి నుంచి ఇంకొకరికి ఎలా పోతుందో తేలలేదు. అప్పటిదాకా చెడు గాలి అనుకునేవాళ్ళు, మలేరియా అనే ఇటాలియన్ మాటకి అర్థమే అది. రాస్ 1895 నుంచి సికింద్రాబాద్‌లో దోమల్ని కోసి కోసి చూశాడు, ఏమీ దొరకలేదు. ఎందుకంటే చూసినవి వేరే రకం దోమలు. మధ్యలో ఊటీ దగ్గర సిగూర్ ఘాట్‌కి వెళ్ళి స్వయంగా మలేరియా తెచ్చుకున్నాడు కూడా. అంటే ఆయనా మనలాగే టూరెళ్ళి తెచ్చుకున్నవాడే.

1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న దోమలు కొన్ని చేతికొచ్చాయి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని వాటితో కుట్టించాడు, కుట్టిన దోమకి ఒక అణా చొప్పున ఇచ్చి. చెమట కారి మైక్రోస్కోప్ మరలు తుప్పు పట్టాయట. పంకా ఊపిస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయి కాబట్టి ఆ ఉక్కలో అలాగే కూర్చున్నాడట. ఆగస్టు 20న ఒక దోమ పొట్ట గోడలో నల్లటి రంగు చుక్కలున్న గుండ్రటి కణాలు కనిపించాయి. ఆ రంగు మలేరియా రక్తంలో మాత్రమే ఉండేది. కొద్ది వారాలకే ఆయన్ని రాజపుతానాలోని ఖేర్వారాకి బదిలీ చేసేశారు! మిగతా పని 1898లో కలకత్తాలో పిట్టల మలేరియా మీద పూర్తి చేశాడు. మనుషుల్లో అనాఫిలిస్ సంగతి ఇటలీలో గ్రాసీ వాళ్ళు తేల్చారు. 1902లో రాస్‌కి నోబెల్ వచ్చింది. ఆగస్టు 20 ఇప్పుడు ప్రపంచ దోమల దినం. మన క్లబ్‌వాళ్ళకి నచ్చే సంగతి ఇంకోటి, ఆయన కవి కూడా. ఆ ఆవిష్కరణ మీద పద్యం రాసి భార్యకి పంపాడు. నేను పాజిటివ్ వచ్చిన రాత్రి పద్యం రాయలేదు, రెండు ప్లేట్ల పెరుగన్నం తిన్నాను.

మందుల దగ్గర నేను చేసిన రెండో తప్పు చెప్పాలి. వైవాక్స్‌కి మూడు రోజులు క్లోరోక్విన్, దాంతో పాటు 14 రోజులు ప్రైమాక్విన్ ఇచ్చారు. ప్రైమాక్విన్‌కి ముందు జీ6పీడీ అని ఒక ఎంజైమ్ పరీక్ష చేశారు, అది లోపించినవాళ్ళకి ఆ మందు ఎర్రకణాల్ని చిట్లగొడుతుంది. అందుకే షాపులో అడిగి కొనుక్కునే మందు కాదది. క్లోరోక్విన్‌తోనే జ్వరం పోయింది. ఆరో రోజుకి నేను క్రికెట్ ఆడుతున్నా. ప్రైమాక్విన్ స్ట్రిప్ బ్యాగులోనే ఉండిపోయింది. ఫిబ్రవరిలో, టెక్ ఫెస్ట్ రెండో రోజు, ఏ ఊరూ వెళ్ళకుండానే మళ్ళీ అదే వణుకు. వైవాక్స్‌లో కొన్ని పరాన్నజీవులు లివర్‌లో నిద్రపోతాయి, వారాలో నెలలో ఆగి లేస్తాయి. ఎవడో మన సిస్టమ్‌లో షెడ్యూల్ పెట్టి మర్చిపోయిన టాస్క్ లాంటిది. దాన్ని డిలీట్ చేసేది ఆ 14 రోజుల కోర్సు. ఫాల్సిపారానికి ఈ నిద్ర లేదు, దానికి ఆర్టిమిసినిన్ కలిసిన వేరే కోర్సు ఇస్తారు. ఒకడి మందు ఇంకొకడికి పనికి రాదు. కాబట్టి ఏ రకమో తేల్చే పరీక్ష ముఖ్యం.

ఆఫ్రికా వెళ్ళే సీనియర్లకి: 2023లో ప్రపంచం మొత్తం మీద మలేరియాతో సుమారు 5,97,000 మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పదింట తొమ్మిదికి పైగా అక్కడే, ఎక్కువమంది ఐదేళ్ళలోపు పిల్లలే. అక్కడ ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం. బయల్దేరే ముందే డాక్టర్‌ని కలిస్తే రాకుండా వాడే టాబ్లెట్లు రాస్తారు. ప్రయాణానికి ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక కూడా ఆయన చెప్పినన్ని రోజులు వాడాలి. ఎయిర్‌పోర్టులో దిగగానే ఆపేసేవి కావు. అవి వాడినా జ్వరమొస్తే పరీక్ష తప్పదు. తిరిగొచ్చాక మూడు నెలల్లోపు జ్వరం ఏదొచ్చినా ముందు ఆ దేశం పేరు చెప్పండి. వైవాక్స్ అయితే ఏడాది దాకా కూడా ఆ అనుమానం పెట్టుకోవచ్చు.

మొన్న జూనియర్లు పన్నెండుమంది లంబసింగి మంచు చూడ్డానికి బయల్దేరారు. వాళ్ళ ఫోన్లలో నేనే రిమైండర్ పెట్టించా, తిరిగొచ్చిన ఏడో రోజు నుంచి నెల దాకా, "జ్వరమా? లంబసింగి అని చెప్పు" అని. ఒకమ్మాయి నవ్వి, "అన్నా, ఇది ఓవర్" అంది. పెట్టుకుంది మాత్రం.

సంక్రాంతికి మేం ఐదుగురం మళ్ళీ పాడేరు వెళ్తున్నాం, కరీంనగర్ వాడితో సహా. ఫోన్లో వాళ్ళమ్మగారు మొట్టమొదట అడిగింది, ఈసారి తెరలు ఎన్ని దింపమంటారు బాబూ అని. ఐదూ అన్నాం.